జరిగిన రోజు తేదీ

తార్నాక,
9 జూన్ 2024

అమ్మా గ్లోరీ,

బాబాయి ఫోను ఎత్తడం లేదని అలిగావట, మీ పిన్ని చెప్పింది. ఎత్తి ఏం చేయను తల్లీ? ఏప్రిల్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ ముందు ఒక రంధ్రం ఉంది, ఊపిరి అందులోంచే. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నాను. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి చివరి మాట మీ పిన్నిది అవుతోంది, ఆ సంతోషం దాచుకోవడం కూడా ఆవిడకు చేతకావడం లేదు. వాట్సాప్‌లో రెండు ముక్కలు రాస్తే కసిరినట్టు ఉంటుంది. అందుకని ఉత్తరం. మీ నాన్న ఉన్న రోజుల్లో అన్నదమ్ములం నెలకొకటి రాసుకునేవాళ్ళం. ఇక ఆ బరువు నీ మీద.

పనిలోకి వస్తాను. యూనివర్సిటీలో బాటనీ ల్యాబ్ అసిస్టెంటుగా ఇరవై ఎనిమిదేళ్ళు చేశానని నీకు తెలుసు. ప్రతి శనివారం క్యాంపస్‌లో నంబరు రేకులు కొట్టిన అరవై రెండు చెట్ల చుట్టూ తిరిగి, ఏది మొగ్గ తొడిగింది, ఏది తొలి పువ్వు పూసింది, ఏది ఆకు రాల్చింది అని రాసుకున్న సంగతి తెలియకపోవచ్చు. చేయమని ఎవరూ చెప్పలేదు. 1993 ఆగస్టులో మొదలుపెట్టాను, రిటైరయ్యేదాకా మానలేదు. ఏడాదికొక రిజిస్టరు, మొత్తం ఇరవై ఎనిమిది, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి. ఏటా ఒక పేజీ సారాంశం ఆఫీసుకిస్తే నివేదికలో వేసుకునేవారు, పేరు లేకుండా. అప్పట్లో నాకూ ఆ ధ్యాస లేదు.

ఇప్పుడు డిపార్ట్‌మెంటు వాళ్ళు క్యాంపస్ చెట్ల మీద పుస్తకం వేస్తున్నారు. జనవరిలో అచ్చుకు వెళ్తుంది. హెడ్ శశిధర్ గారు సంపాదకుడు. ప్రూఫు చూశాను. నా సారాంశాలన్నీ ఉన్నాయి, కింద 'శాఖ రికార్డుల నుంచి' అని ఉంది. పలక పట్టుకుని వెళ్ళి అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. రిజిస్టర్ల మీద శాఖ ముద్ర తప్ప మీ పేరు లేదు కదా, ఎవరో చెబుతుంటే మీరు రాసినట్టు కూడా అయివుండవచ్చు కదా అన్నాడు. నాకు గొంతు ఉంటే ఆ గదిలో ఏం జరిగేదో తెలియదు. చివరికి ఒక దారి చెప్పాడు. మీ పేరుతో ఒక వెబ్‌సైట్ పెట్టి వారం వారం వివరాలు మొత్తం అందులో ఎక్కించండి, సారాంశంలో లేనివి మీ దగ్గర ఉన్నాయని కమిటీకి తెలుస్తుంది, మీ పేరూ ఆ లింకూ వేయిస్తాను అన్నాడు.

నాకు కావలసింది ఒక్క లైను గ్లోరీ. 'పరిశీలన: కె. ప్రభుదాసు' అని. డాక్టరు నాకు లెక్క చెప్పాడు, ఆ లెక్క ఇక్కడ రాయను. పుస్తకంలో ఆ లైను చూసి పోవాలని ఉంది.

చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపు దయాకర్‌ను అడిగితే "జూమ్లా పెట్టుకోండి అంకుల్, మస్తు పవర్‌ఫుల్ ఉంటది" అన్నాడు. నాకు పవర్ అక్కర్లేదు. రెండు వేళ్ళతో టైపు కొట్టే మనిషి సొంతంగా రాసుకోగలిగింది కావాలి. స్కూలులో కంప్యూటర్లు చెప్పేదానివి, చర్చిలకు సైట్లు చేసినదానివి. ఏది పెట్టుకోమంటావు?

మీ బాబాయి,
ప్రభుదాసు


కాకినాడ,
14 జూన్ 2024

బాబాయ్‌కి, పలక పట్టుకున్న చేతికి కూడా వందనాలు.

ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఆపరేషన్ సంగతి పిన్ని చెప్పింది గాని, ఇక మీ గొంతు వినబడదని నాకు ఎవరూ చెప్పలేదు. సరే, ఏడుపు తరువాత.

సైటు లోపల రాసుకోవడానికి, రాసింది అమర్చుకోవడానికి ఒక సరంజామా ఉంటుంది, దాన్నే సీఎంఎస్ అంటారు. దయాకర్ చెప్పిన జూమ్లా, దాని పెద్దన్న డ్రూపల్ మంచివే, కానీ నేర్చుకోవడానికే మీకు నెలలు పడుతుంది. బొమ్మలు లాగి అతికించుకునే రకాలున్నాయి, అవి దుకాణాలకు బాగుంటాయి. బ్లాగర్ అన్నిటికంటే తేలిక, కానీ మీకు చెట్టువారీగా, ఏడాదివారీగా విడదీసి చూపించాలి. అన్నీ చూసి వర్డ్‌ప్రెస్ అంటున్నాను. నాకు చేయి తిరిగింది అదే. పైగా అందులో శీర్షిక గడి, రాసే గడి, 'ప్రచురించు' మీట, అంతే.

ఇంకొక సంగతి మీకు నచ్చుతుంది. ప్రచురించు మీట పక్కన తేదీ ఉంటుంది. దాన్ని నొక్కి మీరు 1993 అయినా పెట్టుకోవచ్చు. అప్పుడు పేజీలన్నీ రిజిస్టరులో ఉన్న వరసలోనే నిలబడతాయి. రిజిస్టర్ల ఫోటోలు మాత్రం ఎక్కించకండి. మనం తీసుకున్న చోటు చిన్నది, బరువైతే సైటు తెరుచుకోదు. టైపు చేస్తే చాలు.

మీ పేరుతోనే చిరునామా తీసుకున్నాను. మొదటి పేజీలో పైన పెద్ద అక్షరాలతో మీ పేరు పెట్టాను. చూసి చెప్పండి.

గ్లోరీ


తార్నాక,
21 జూలై 2024

గ్లోరీ టీచరుకు విద్యార్థి నమస్కారం.

నా సైటులో నాకంటే ముందు ఎవరో 'హలో వరల్డ్' అని రాసి పెట్టారు. కింద ఇంకెవరో దానికి జవాబు కూడా ఇచ్చారు. పరాయివాళ్ళ రాత మనం చెరపడం మర్యాద కాదని పది రోజులు ఊరుకున్నాను. అది ప్రతి కొత్త సైటులో కంపెనీ వాళ్ళు నమూనాకు పెట్టేదని దయాకర్ నవ్వుతూ చెప్పాడు. ఈ మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయింది?

ఇప్పటికి రెండు వందల పది పేజీలు ఎక్కాయి. పొద్దున్నే కూర్చుంటే పదింటికల్లా ఏడెనిమిది అవుతాయి. పైన '14 ఆగస్టు 1993' అని తెర మీద కనబడితే, ఆ రోజు వాన, తడిసిన చెప్పులు, పదిహేడో నంబరు పొగడచెట్టు, అన్నీ వచ్చేశాయి. సంతోషం తట్టుకోలేక మీ పిన్నిని పిలుద్దామని నోరు తెరిచాను. గొంతు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

తేదీ విషయం నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఇక్కడ చర్చిలో పదిహేడేళ్ళు బాప్తిస్మాల రిజిస్టరు రాశాను కదా. పాస్టరు గారు పేర్లు మూడు వారాలు ఆలస్యంగా ఇచ్చినా పైన బాప్తిస్మం జరిగిన రోజే వేస్తాం గాని, మనం కూర్చుని రాసిన రోజు వేయం. మీ నాన్న రామచంద్రపురం చర్చిలో నాకు నేర్పిందే ఆ పద్ధతి. ఒకటే అనుమానం. పేజీ కింద 'ఎక్కించిన రోజు' అని ఈనాటి తేదీ కూడా రాయాలా?

ఇంకొకటి. పాత కాగితాల దుమ్ము నా మెడలో రంధ్రానికి పడటం లేదు. దగ్గు వస్తే ఆగదు. డాక్టరు తిట్టాడు. మీ పిన్ని రిజిస్టర్లను శత్రువుల్లా చూస్తోంది.

బాబాయి


కాకినాడ,
28 ఆగస్టు 2024

బాబాయ్,

జవాబు నెల దాటింది, కోపం పెట్టుకోకండి. స్కూలులో పరీక్షలు, నా కాంట్రాక్టు రెన్యువల్ గొడవలు. ఏప్రిల్ దాకా ఉంచుతారో లేదో కూడా తెలియదు. మా కరస్పాండెంటు ఎవరి మీద చిన్న ఫిర్యాదు వచ్చినా పంపించేస్తున్నాడు.

మీ సైటు రోజూ తెరిచి చూస్తున్నాను. ఎంత బాగుందో! రేలచెట్టు నొక్కితే మీరు ఎక్కించినంతవరకు వేసవులన్నీ వరసగా వస్తున్నాయి. ఎక్కించిన తేదీ అక్కర్లేదు బాబాయ్. ఒక్కో పేజీకి రెండు తేదీలుంటే చూసేవాళ్ళకు గజిబిజి. రిజిస్టరు తేదీ ఒక్కటే ఉంచండి.

ఇక ఆ దుమ్ము. టైపు చేసేసిన రిజిస్టర్లు ఇంట్లో పెట్టుకుని దగ్గడం ఎందుకు? సైటులో ఉంటే ఉన్నట్టే. దించేసుకోండి. మీ ఊపిరి కంటే అవి ఎక్కువ కాదు.

పిన్నికి ముద్దులు.
గ్లోరీ


తార్నాక,
3 నవంబరు 2024

అమ్మా గ్లోరీ,

ఈ ఉత్తరం కుర్చీలో నిటారుగా కూర్చుని రాస్తున్నాను, పని పూర్తి చేసిన మనిషిని కాబట్టి. నిన్న శనివారం, కావాలనే ఆ రోజుకు ఆపి, ఆఖరి పేజీ ఎక్కించాను. పద్నాలుగు వందల పన్నెండు. మొదటి పేజీ పైన నా పేరు చూసుకుంటూ కాసేపు ఊరికే కూర్చున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా బాగుంది.

లింకు శశిధర్ గారికి పంపాను. చూసి 'ఎక్సలెంట్' అని జవాబిచ్చాడు. కమిటీలో పెడతానన్నాడు.

రిజిస్టర్లు నువ్వు చెప్పినట్టే దించేశాను. మీ పిన్ని పాత కాగితాల వాడికి వేద్దామంది గాని నాకు మనసొప్పలేదు. వాటి మీద శాఖ ముద్ర ఉంది, అవి శాఖవి. ఆటోలో వేసుకుని డిపార్ట్‌మెంటు స్టోరులో కొండయ్యకు అప్పగించాను. అంబర్‌పేట్ కొండయ్య, ఇరవై ఏళ్ళు నాతో ఒకే డబ్బాలో అన్నం తిన్నవాడు. "ఇవన్నీ గీడ పెట్టిపో సార్, నేను చూస్కుంట" అన్నాడు. వస్తూ వస్తూ నలభై ఒకటో నంబరు ఏడాకుల చెట్టు కింద నిలబడ్డాను. నిండా పూసింది. రాయడానికి చేతిలో ఏమీ లేదు.

బాబాయి


కాకినాడ,
8 నవంబరు 2024

బాబాయ్,

సంతోషంతో పాటు గుండెల్లో రాయి పడింది. దించేసుకోమంటే నా ఉద్దేశం అటక మీదకో, చర్చి గదిలోకో చేర్చమని. ఇచ్చేయమని కాదు! రసీదు తీసుకున్నారా? తీసుకోకపోతే ఇది అందగానే వెళ్ళి కొండయ్య గారి చేత రెండు ముక్కలు రాయించుకోండి. కుదిరితే వెనక్కి తెచ్చుకోండి, మా ఇంటికి పార్సిల్ చేయండి, నేను దాచిపెడతాను.

నేను సరిగా రాయలేదు. క్షమించండి.

గ్లోరీ


తార్నాక,
1 డిసెంబరు 2024

గ్లోరీ,

తీరిగ్గా చదువు. నిలబడి చదవకు.

నీ ఉత్తరం అందిన మర్నాడే వెళ్దామనుకున్నాను గాని, కొండయ్యను రసీదు అడగడానికి మొహం చెల్లలేదు. రెండు వారాలు వాయిదా వేశాను. తప్పు నాది. ఈలోగా తనిఖీ బృందం వస్తోందని స్టోరు ఖాళీ చేశారు. పాత కాగితాలన్నీ లారీ ఎక్కాయి. నేను పలక చూపిస్తే కొండయ్య నా కళ్ళలోకి చూడలేదు. "గా లారీల ఏమేం పోయినయో నాకెట్ల తెలుస్తది సార్. మీరు తెచ్చిన్రని నేను చెప్తే నా నౌకరీ పోతది. నన్ను అడగకుండ్రి" అన్నాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా నాలుగేళ్ళ సర్వీసు. నేను పలక తుడుచుకుని వచ్చేశాను.

అది ఒకటి. రెండోది కమిటీ. అందులో ఒకరు నా సైటు చిరునామా ఎప్పుడు తీసుకున్నారో వెతికి చూశారట. 2024 జూన్ అని వచ్చింది. పేజీల మీద మాత్రం 1993 నుంచి తేదీలున్నాయి. ఇంతకాలం లేని సైటులో ముప్పై ఏళ్ళ కిందటి ప్రచురణ ఎలా ఉంటుందని అడిగారు. శాఖ నివేదికలు చూసి, మధ్యలో వివరాలు కల్పించి, పాత తేదీలు వేసి, తన పనిగా చూపించుకుంటున్నాడు అన్నారు. 'దొంగ తేదీలు' అన్న మాట వాడారు. శశిధర్ గారు నాతో చెప్పేటప్పుడు ఆ మాట మింగలేకపోయాడు.

నాకు దొంగ అన్న మాట కొత్త. రెండు రోజులు అన్నం సయించలేదు. తరువాత కూర్చుని తెల్ల కాగితం మీద రాసిచ్చాను. ఈ తేదీలు నా చేత్తో నేనే వేశాను, అవి ప్రచురించిన తేదీలు కావు, చెట్టును చూసిన తేదీలు, చర్చి రిజిస్టరు రాసే పద్ధతి అదే, మోసం ఉద్దేశం లేదు అని. పన్నెండో తారీఖున మీటింగు. ఒకవేళ నిన్ను ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. అంతకు మించి నాకు ఏ సాయమూ వద్దు.

బాబాయి


కాకినాడ,
1 డిసెంబరు 2024

బాబాయ్,

నిన్న సాయంత్రం పిన్ని ఫోన్ చేసి అంతా చెప్పింది, ఆ మాటతో సహా. మీరు అన్నం తినడం లేదట. మీ మంచం పక్కన చేరి చెప్పాల్సిన సంగతి ఉత్తరంలో రాస్తున్నాను, తిట్టకండి.

రాత్రి నిద్రపట్టలేదు. ఆ తేదీ మాట మీకు చెప్పింది నేను. రెండో తేదీ వద్దన్నది నేను. ఫోటోలు వద్దన్నదీ నేనే. అందుకని పొద్దున్నే శశిధర్ గారికి ఉత్తరం పంపేశాను. సైటు తయారుచేసింది నేనని, పాత వివరాలు ఎక్కిస్తే వాటి తేదీలను ఆ సిస్టమే దానంతట అది వేసుకుంటుందని, మా బాబాయి తేదీల జోలికి వెళ్ళలేదని, వెళ్ళడం ఆయనకు రాదని రాశాను. స్కూలు పేరుతో, నా హోదాతో సంతకం పెట్టాను, బరువుంటుందని. నిజం కాదని నాకు తెలుసు. కానీ చెట్ల మాస్టార్లకు ఈ సంగతులు ఏం తెలుస్తాయి? ఇలా రాస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

మీరు ఏమీ రాసివ్వకండి. నేను చూసుకున్నాను.

గ్లోరీ


తార్నాక,
15 డిసెంబరు 2024

గ్లోరీ,

మన ఉత్తరాలు ఒకే రోజు బయలుదేరి ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నేను రాసిచ్చిన కాగితం అప్పటికే కమిటీ చేతిలో ఉంది.

మీటింగు అయిపోయింది. పుస్తకంలో ఆ లైను రాదు. 'శాఖ రికార్డుల నుంచి' అనే ఉంటుంది. డిపార్ట్‌మెంటుకు ఇక ఊరికే రావద్దన్నారు. అంతే, పెద్దగా ఏమీ జరగలేదు.

నువ్వు ఎందుకు అలా రాశావని అడగను. నా కోసం రాశావు. కానీ నాకు కోపం వచ్చింది, రాలేదని అంటే అదీ అబద్ధమే అవుతుంది. మీ నాన్న ఉంటే నీతో నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. నాకు ఆ వసతి కూడా లేదు, మామూలుగానే మాట్లాడలేను కదా.

మెడ దగ్గర మళ్ళీ గడ్డ గట్టిగా తగులుతోంది. స్కానింగ్ రాశారు. మౌలాలిలో పిన్ని చెల్లెలు వేదవతి ఇంటికి వెళ్ళి నాలుగు రోజులుందామనుకుంటున్నాం. అక్కడ మేడ మీద గాలి బాగుంటుంది.

బాబాయి


కాకినాడ,
19 డిసెంబరు 2024

బాబాయ్,

పెద్దగా ఏమీ జరగలేదని రాశారు. ఇవాళ శశిధర్ గారి నుంచి నాకు జవాబు వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 'మీ లేఖలోని తప్పుడు వివరాలు తానే దగ్గరుండి రాయించినట్టు శ్రీ ప్రభుదాసు గారు కమిటీ ముందు లిఖితపూర్వకంగా అంగీకరించినందున మీపై మీ పాఠశాలకు ఎటువంటి ఫిర్యాదూ చేయడం లేదు.'

మీరు రాయించారా? మీకు తెలియనే తెలియదు కదా? ఉన్నది ఉన్నట్టు చెప్పమని నాకు రాసిన మనిషి మీరే కదా? ఆ గదిలో ఏం జరిగింది? నాకు చెప్పకపోతే రైలెక్కి వచ్చి కమిటీ ముందు నేనే నిలబడతాను, ఉద్యోగం పోతే పోనీ.

నా మీద నాకు అసహ్యంగా ఉంది బాబాయ్.

గ్లోరీ


మౌలాలి,
29 డిసెంబరు 2024

నా తల్లీ,

రావద్దు. నీ పిల్లకు ఫీజు కట్టేది నువ్వొక్కదానివే. వస్తే పిన్నితో తలుపు వేయిస్తాను. అడిగావు కాబట్టి జరిగింది రాస్తాను, దీని తరువాత మనం ఆ సంగతి ఎత్తుకోవద్దు.

కంప్యూటర్ సైన్సు నుంచి దివ్య మేడం అని ఒకావిడను పిలిపించారు. చిన్న వయసు. ఆవిడ నా సైటులాంటిది ఒకటి గోడ మీద తెరిచి, తేదీ మీద నొక్కి, 1950 అని వేసి చూపించింది. అందరికీ అర్థమైంది. ఆవిడలో పగ లేదు, అడిగింది చూపించింది. అప్పుడు శశిధర్ గారు రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టాడు. నా చేత్తో వేశానని నాది. సిస్టమే వేసిందని నీది. ఆయన మొహం చూస్తే ఇదంతా ఆయనకూ ఇష్టం లేదని తెలుస్తోంది.

"ప్రభుదాసు గారూ, ఈ ఉత్తరం ఆ టీచరమ్మ సొంతంగా రాసిందా, మీరు రాయించారా? సొంతంగా రాసివుంటే వాళ్ళ స్కూలుకు తెలియజేయాల్సి వస్తుంది" అన్నాడు.

నా పలక ఒడిలో ఉంది. సొంతంగా రాసిందని రాస్తే అది నిజం. నేను నిజం చెప్పే మనిషినని తేలేది, నా కాగితం నిలబడేది, ఆ లైను వచ్చినా వచ్చేదేమో. బలపం చేతిలోకి తీసుకున్నాను. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మీ నాన్న నిన్ను మా దగ్గర ఒక వేసవి ఉంచాడు, ప్రతి శనివారం నా వెంట చెట్లకు వచ్చేదానివి. నీకు గుర్తుండదు. నాకు ఉంది. 'నేనే రాయించాను' అని రాసి పలక ఎత్తి చూపించాను.

పలక మీదిదే కదా, తుడిస్తే పోతుందనుకున్నాను. వాళ్ళు దాన్ని ఫోటో తీశారు. సంతకం పెట్టమంటే ఆ ఫోటో అచ్చు మీద సంతకం పెట్టాను. ఇన్నేళ్ళు రెండు రకాల రిజిస్టర్లు రాశాను, ఒక్క బాప్తిస్మం గాని, ఒక్క పువ్వు గాని తప్పు రాయలేదు. తప్పు రాసింది అదొక్కటే.

స్కానింగ్‌లో మళ్ళీ కనిపించింది. ఈసారి కోయరట.

ఇక నువ్వు చేయవలసిన పని. పోయిన వారం శశిధర్ గారు వేదవతి ఇంటికే వచ్చాడు. పలకరించి, కాసేపు కూర్చుని, చెప్పలేక చెప్పాడు. వారం వారం వివరాలు పుస్తకానికి నిజంగా పనికొస్తాయట. లింకు వేయాలని ఆయనకు ఉంది. కమిటీ ఒకే షరతు మీద ఒప్పుకుంది. సైటు మీద నా పేరు ఉండకూడదు, ఎక్కడా నాదని ఉండకూడదు. అబద్ధం ఒప్పుకున్న మనిషి పేరు ఉన్న చోటికి చదివేవాళ్ళను పంపించలేం అన్నారట. పేరు తీసేస్తే, శాఖ పాత రికార్డుల కింద లింకు వేస్తారు.

నాలుగు రోజులు ఆలోచించాను. పేరు కోసమే ఇదంతా మొదలుపెట్టాను, నీకు తెలుసు. నాకు చాలా బాధగా ఉంది, దాచను. కానీ రిజిస్టర్లు పోయాయి. ఆ శనివారాలు ఇప్పుడు ఉన్నది ఆ ఒక్క చోటే. నేను పోయాక సైటు ఎవరు చూస్తారు? ఆ పుస్తకం ద్వారా వచ్చేవాళ్ళే చూడాలి. నా పేరు ఉంటే వాళ్ళు రారు.

నేనే తీసేద్దామని రెండుసార్లు తెరిచాను. ఎక్కడ నొక్కాలో తెలుసు, చేయి రాలేదు. నువ్వు తీసెయ్యి. అన్ని చోట్లా. ఐదో తారీఖున అచ్చుకు వెళ్తుంది, అంతలోపల.

బాబాయి


కాకినాడ,
4 జనవరి 2025

బాబాయ్,

తీసేశాను.

మొదటి పేజీ పైన పెద్ద అక్షరాలది ముందు తీశాను. తరువాత మీ పరిచయం పేజీ. చిరునామాలో కూడా మీ పేరు ఉంది కదా, కొత్త చిరునామా తీసుకుని మొత్తం అందులోకి మార్చాను. శశిధర్ గారికి ఆ లింకు పంపాను. అందిందని ఒక్క ముక్క రాశారు.

ఇక ప్రతి పేజీ కింద 'రాసినవారు' అని ఒక గడి ఉంటుంది. పద్నాలుగు వందల పన్నెండు చోట్లా మీ పేరు ఉంది. దాన్ని ఖాళీగా వదిలేద్దామనుకున్నాను, కనీసం ఇంకొకరి పేరు రాకుండా ఉంటుందని. ఆ గడి ఖాళీగా ఉండనివ్వదు బాబాయ్. మీ పేరు చెరిపి భద్రపరచగానే, లోపల నేను జూన్‌లో సైటు తెరిచినప్పుడు దాన్ని నడిపే ఖాతాకు పెట్టిన మొదటి పేరు తెచ్చి అక్కడ వేసుకుంది. మార్చి వేరే ఏదైనా పెట్టవచ్చు. ఏం పెట్టాలో నాకు తోచలేదు. మధ్యాహ్నం నుంచి ఇప్పటిదాకా తెర ముందే ఉన్నాను.

ఇప్పుడు 14 ఆగస్టు 1993 నుంచి ఆఖరి శనివారం దాకా అన్ని పేజీల కిందా ఒకటే ఉంది. రాసినవారు: అడ్మిన్.

గ్లోరీ